గాలి మాట వినే కొట్టు

షటిల్ సామాన్ల కొట్టు అనగానే గోడ నిండా వేలాడే రంగురంగుల బ్యాట్లే కళ్ల ముందు మెదులుతాయి. కొట్టు గడిచేది మాత్రం వాటి మీద కాదు. బ్యాటు ఒకసారి కొన్నవాడు జాగ్రత్తగా వాడుకుంటే రెండు మూడేళ్లు మళ్లీ ఆ ఊసెత్తడు. వారం తిరక్కుండా మనిషిని కౌంటరు దగ్గరికి లాక్కొచ్చేవి వేరే ఉన్నాయి: ఈక విరిగిన కాక్, తెగిన గట్టు (బ్యాటు తలలో అల్లిన పోగులు), చెమటకు జారిపోయే గ్రిప్పు. మామిడికుదురు లాంటి కోనసీమ ఊళ్లో ఈ మూడూ ఎన్నాళ్లు మన్నుతాయన్నది ఆడేవాడి చేతిలో సగమే ఉంది. మిగతా సగం గాలి చేతిలో ఉంది. అది ఎప్పుడు వీస్తుంది, ఎంత వేడిగా ఉంటుంది, అందులో తడి ఎంత అన్నదాన్ని బట్టే కొట్లో ఏ సరుకు పెట్టాలో తేలుతుంది.

మామిడికుదురు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఒక మండల కేంద్రం. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సాగే 216వ నంబరు జాతీయ రహదారి మీద, అమలాపురానికీ రాజోలుకూ నడుమ ఉంటుంది. అమలాపురం వైపు నుంచి వచ్చే బస్సు బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ మీది వంతెన ఎక్కి పాశర్లపూడిలో దిగితే మండలంలోకి వచ్చినట్టే. బయటివాళ్లకు ఈ చుట్టుపక్కల ఊళ్లు వేరే కారణాలతో తెలుసు. అప్పనపల్లి అంటే బాలబాలాజీ గుడి. ఆదుర్రు అంటే బౌద్ధ స్తూపం. పాశర్లపూడి అంటే 1995 జనవరిలో అంటుకుని 65 రోజులు మండిన ఓఎన్‌జీసీ బావి. ఈ పేర్ల వరసలో బ్యాడ్మింటన్‌కు చోటు దొరకడం ఈమధ్య సంగతే.

ఈ జిల్లా గడ్డ మీద పుట్టిన ఇద్దరు ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి స్థానం దాకా వెళ్లారు. 1993లో రావులపాలెంలో పుట్టిన కిడాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో పురుషుల సింగిల్స్‌లో నంబర్ వన్ అయ్యాడు. 2000లో అమలాపురంలో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిసి 2023 అక్టోబరులో డబుల్స్‌లో అదే చోటికి చేరాడు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ జంట బంగారు పతకం గెలిచిందీ ఆ నెలలోనే. సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథ్ వ్యాయామోపాధ్యాయుడు, రాష్ట్ర స్థాయిలో షటిల్ ఆడినవాడు. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, యోనెక్స్ కర్మాగారంలో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అంతకుముందు పదేళ్లు నిలిచిన రికార్డు మలేసియా ఆటగాడు తాన్ బూన్ హియోంగ్‌ది, 493 కిలోమీటర్లు. ఈ 565 అంకెను గర్వంగా చెప్పుకునేవాళ్లు కోనసీమలో తక్కువేం కాదు. అయితే అది కాక్ బ్యాటును విడిచిన క్షణంలో కొలిచిన వేగం. ఎదుటివాడి దగ్గరికి వచ్చేసరికి అందులో చాలా భాగం కరిగిపోతుంది. కరిగించేది గాలే.

ఏ ఆట బంతీ గాలికి ఇంతగా లొంగదు. ఈకల కాక్ బరువు నిబంధనల ప్రకారం 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. అంత తేలికైన వస్తువుకు 16 ఈకల గొడుగు తొడిగి, అడుగున బెండుతో గుండ్రటి తల పెడతారు. ఈకలన్నీ పక్షికి ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి రెక్కవీ ఎడమ రెక్కవీ కలిస్తే వంపులు తేడాపడి, కాక్ తన చుట్టూ తాను సాఫీగా తిరగదు. డబ్బా మూత మీద ఉండే 76, 77, 78 లాంటి అంకెలు వేగానికి గుర్తులు. పాత ఇంగ్లీషు తూకపు కొలత గ్రెయిన్ నుంచి వచ్చిన లెక్క ఇది. మన కంసాలికి గురిగింజ ఎలాగో వాళ్లకు గ్రెయిన్ అలాగ. 77 గ్రెయిన్లంటే దాదాపు అయిదు గ్రాములు. అంకె పెరిగితే కాక్ దూరం పోతుంది.

వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో కాక్‌కు అడ్డు తగ్గి, అదే దెబ్బకు నాలుగడుగులు ఎక్కువ పోతుంది. అందుకే ఎండాకాలంలో చిన్న అంకె కాక్, చలికాలంలో పెద్ద అంకె కాక్ వాడాలంటారు. నైలాన్ కాక్‌లకైతే అంకెల బదులు బెండు చుట్టూ రంగు పట్టీ ఉంటుంది. ఆకుపచ్చ నిదానం, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. తయారీదారుల లెక్కన ఆకుపచ్చ పట్టీ వేడి ప్రాంతాలకు, ఎరుపు గడ్డకట్టే చలికి. ఆ లెక్క చూస్తే కోనసీమ కొట్లో ఏడాదిలో చాలా నెలలు ఆకుపచ్చ పట్టీ ఒక్కటే ఉన్నా చాలు. సరైన కాక్ ఏదో తేల్చుకోవడానికి మెషీన్లేమీ అక్కర్లేదు. కోర్టు వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పైకి గట్టిగా ఒక్కటి కొట్టాలి. అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడితే ఆ రోజుకు, ఆ చోటికి అది సరైన కాక్. పొద్దున సరిపోయినది మధ్యాహ్నం గీత దాటిపోవచ్చు.

ఈకల కాక్ ఖరీదు వింటే ఊళ్లో ఆడేవాళ్లు బెదిరిపోతారు. బాగా కొట్టేవాళ్ల చేతిలో ఒక్క ఆటకే రెండు మూడు పోతాయి. ఈకలు పెద్దబాతువో బాతువో అయి ఉండాలి. ప్రపంచానికి కావలసిన సరుకులో పెద్ద భాగం చైనా నుంచే వస్తుంది. అక్కడ బాతుల పెంపకం తగ్గి ఈకలకు కరువొచ్చినప్పుడు, 2024, 2025 సంవత్సరాల్లో, మన దేశంలోనూ డబ్బా ధర ఎగబాకింది. మన దగ్గర ఈ పనికి పేరున్న చోటు పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలోని ఉలుబేరియా. అక్కడ ఇళ్లలోనే ఈకలు కడిగి, కత్తిరించి, బెండుకు గుచ్చి కాక్‌లు కడతారు. గోదావరి డెల్టాలో కోతలయ్యాక పొలాల్లోకి బాతుల మందలను తోలుకొచ్చి మేపడం మనకు అలవాటైన దృశ్యమే. ఆ మందలు వెళ్లే దారి పక్కన కొట్లో అమ్మే కాక్‌ల ఈకలు మాత్రం వేల మైళ్ల అవతలి బాతులవి.

అందుకే ఊరి కొట్లలో నైలాన్ కాక్‌దే పైచేయి. ప్లాస్టిక్ కాక్ అంటారు దాన్ని. ఒకటి కొంటే చాలా రోజులొస్తుంది, మంచులో తడిసినా పాడవదు, గొడుగు నలిగితే చేత్తో సాపు చేసి మళ్లీ ఆడొచ్చు. గాలిని తట్టుకోవడంలో మాత్రం ఇదీ ఈకల కాక్ కన్నా గొప్పదేమీ కాదు.

పోటీలన్నీ తలుపులేసిన హాళ్లలో జరుగుతాయి. ఊళ్లో ఆట ఆరుబయటే. దక్షిణాన బంగాళాఖాతం, చుట్టూ గోదావరి పాయలు. పగలు నేల వేడెక్కగానే సముద్రం మీది నుంచి గాలి మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. కొట్టిన కాక్ నెట్టు దాటుతుందో, తిరిగి కొట్టినవాడి నెత్తినే పడుతుందో ఆ వేళలో చెప్పలేం. రాత్రి నేల చల్లబడ్డాక ఆ గాలి తగ్గుతుంది. తెల్లవారుజామున ఆకు కదలని వేళలూ ఉంటాయి. కోనసీమలో షటిల్ ఆడేవాళ్లు చీకటితోనే లేవడానికి, లేదా దీపాలు పెట్టాక ఆటకు దిగడానికి ఉద్యోగాలు ఎంత కారణమో సముద్రపు గాలీ అంతే కారణం.

గాలికి అడ్డుకట్ట కొబ్బరి తోట. ఇక్కడొక సరదా లెక్క ఉంది. కొబ్బరి మొక్కలు నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ, వరసకూ వరసకూ సుమారు ఎనిమిది మీటర్ల ఎడం ఉంచమంటారు. డబుల్స్ కోర్టు వెడల్పు 6.10 మీటర్లు, పొడవు 13.40 మీటర్లు. అంటే రెండు వరసల నడుమ కోర్టు ఇమిడిపోయి, ఇరుపక్కలా ఇంచుమించు మీటరు మిగులుతుంది. నెట్టు కట్టడానికి ఎదురెదురు చెట్లే ఉన్నాయి. నడిమధ్యన నెట్టు ఎత్తు 1.524 మీటర్లు, అంటే సరిగ్గా అయిదడుగులు. పెద్దచెట్ల తోటల్లో ఎత్తు బాగానే దొరుకుతుంది గానీ, ఆకాశంలోకి లేపి కొట్టే అలవాటున్నవాళ్ల కాక్ మట్టల్లో ఇరుక్కుంటుంది. దింపు తీసి చాలా రోజులైన చెట్టు కింద ఆట పెట్టుకోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

తోట లేనిచోట జిల్లాపరిషత్ హైస్కూలు మైదానాలే దిక్కు. రెండు సరుగుడు గుంజలు పాతి, నేల తడిపి రోలరుతో అణిచి, సున్నంతో గీతలు గీస్తే కోర్టు సిద్ధం. 2023 డిసెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీల్లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌తో పాటు బ్యాడ్మింటన్ కూడా ఉంది. గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి మొదలైన ఆ పోటీలు ఫిబ్రవరిలో ముగిశాయి. హాలు ముఖం ఎరగని ఊళ్లకూ షటిల్ పోటీ వచ్చింది. గాలిని ఏం చేయాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నిజానికి ఈ ప్రశ్నకు జవాబు నూటయాభై ఏళ్ల కిందటే ఒకటి దొరికింది. 1870 ప్రాంతంలో పూనా దండులోని ఇంగ్లీషు అధికారులు ఈ ఆటకు నిబంధనలు రాసుకుంటున్న రోజుల్లో, గాలి, తేమ ఎక్కువున్న చోట్ల ఈకల కాక్‌కు బదులు ఉన్ని బంతితో ఆడేవారు. తంజావూరు రాజకుటుంబం ఆడిన ఆట అని పేరున్న బాల్ బ్యాడ్మింటన్ అదే. పసుపుపచ్చ ఉన్నిని గట్టిగా చుట్టి చేసిన బంతి, 27 నుంచి 30 గ్రాముల బరువు. కాక్‌కు అయిదారు రెట్లు. మామూలు గాలిని అది లెక్కచేయదు. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, జట్టుకు అయిదుగురు. మట్టి నేలే దానికి అసలు కోర్టు.

తెలుగునాట ఒక తరం మొత్తానికి బ్యాట్ల ఆట అంటే ఇదే. బాల్ బ్యాడ్మింటన్ సమాఖ్య 1954లో ఏర్పడింది. వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య 1970లో ఈ ఆటకు అర్జున అవార్డు అందుకున్నారు. 2021 డిసెంబరులో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు. ఒలింపిక్స్‌లో చోటు లేకపోవడం, టీవీలో కనిపించకపోవడం వల్ల ఆట వెనకబడింది గానీ గాలి వీచే పల్లెకు ఇంతకన్నా తగినది మరొకటి కనిపించదు. దాని చెక్క బ్యాటును ఆడనప్పుడు నాలుగు మరలున్న చట్రంలో బిగించి ఉంచేవారు. లేకపోతే తేమకు చెక్క వంకరపోయి, బ్యాటు అప్పడంలా మెలి తిరిగేది. ఇప్పటి కొట్లలో ఆ చట్రం కనిపించడం అరుదు. పాత వ్యాయామోపాధ్యాయుల ఇళ్లలో అటక మీద వెతికితే దొరకొచ్చు.

ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య కూడా చుట్టూ తిరిగి అక్కడికే వచ్చింది. 2019లో ఎయిర్ బ్యాడ్మింటన్ పేరుతో ఆరుబయట ఆడే ఆటను ప్రవేశపెట్టి, గాలిని తట్టుకునే కొత్త కాక్‌ను తయారు చేయించింది. గాలికి తట్టుకునే ఆట ఒకటి మన స్కూలు మైదానాల్లోనే ఉండేదని ఆ సంబరంలో పెద్దగా ఎవరికీ గుర్తురాలేదు.

ఇక కొట్టు సంగతికి వస్తే, మండల కేంద్రంలో ఒక్క షటిల్ సామాన్ల మీదే కొట్టు నిలబడడం కష్టం. ఇలాంటి ఊళ్లలో బ్యాట్లు సాధారణంగా నోటు పుస్తకాలు, స్కూలు బ్యాగులు, క్యారమ్ బోర్డుల నడుమ చోటు చేసుకుంటాయి. విచిత్రమేమిటంటే రాకెట్ ఆటల సరుకులో బాగా అమ్ముడయ్యేది టెన్నిస్ బంతి. ఊళ్లో టెన్నిస్ కోర్టు ఉండదు, టెన్నిస్ బ్యాటు పట్టినవాళ్లూ ఉండరు. ఆ బంతులన్నీ క్రికెట్‌కే పోతాయి. బ్యాట్లలో రెండు జాతులు. ఇనుము లేదా అల్యూమినియం చట్రంతో, గట్టు వేసి జతగా అమ్మేవి పిల్లలకు. కార్బన్ చట్రంవి ఆడేవాళ్లకు. రెండో రకం మీద 3యు, 4యు, 5యు అని రాసుంటుంది. 3యు అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యు 80 నుంచి 84, 5యు 75 నుంచి 79. అంకె పెరిగితే బరువు తగ్గుతుందన్నది కొత్తవాళ్లకు తికమకే. పిల్లాడికి బలముంది గదా అని బరువైనది కొనిపెట్టే తండ్రులుంటారు. నాలుగు రోజులకు ఆ పిల్లాడి భుజం నొప్పెడుతుంది.

రాకెట్ కొట్టును ఫ్యాన్సీ కొట్టు నుంచి వేరు చేసేది ఒకే ఒక్క వస్తువు, గట్టింగ్ మెషీను. అది ఉన్నచోటే ఆడేవాళ్లు గుమిగూడతారు. లేని ఊళ్లవాళ్లు తెగిన బ్యాటును అమలాపురం లాంటి పట్టణానికి పట్టుకెళ్లాలి, లేదా కాలేజీకి వెళ్లే కుర్రాడి చేతికిచ్చి పంపాలి.

గట్టు వేయడం చూడముచ్చటైన పని. ముందు బ్యాటు తలను మెషీను మీద పడుకోబెట్టి, చట్రం వంగకుండా చుట్టూ బిగిస్తారు. సుమారు పది మీటర్ల గట్టు ఒక బ్యాటుకు సరిపోతుంది. 200 మీటర్ల చుట్ట తెస్తే ఇరవై బ్యాట్లకు వస్తుంది. మందం 0.70 మిల్లీమీటర్లు, లేదా ఇంకాస్త సన్నం. నిలువు పోగులు 22. నడిమధ్య నుంచి మొదలుపెట్టి ఎడమకొకటి, కుడికొకటి చొప్పున వేసుకుపోవాలి. ఒకే వైపు వరసగా లాగితే చట్రం అటే ఒరిగి పగులుతుంది. ఒక్కో పోగును మెషీను చెప్పినంత బరువుతో లాగుతుంది, వెంటనే పట్టుకారు లాంటి క్లాంపు దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. నిలువు పోగులయ్యాక అడ్డం పోగులు, 21 గానీ 22 గానీ. ఇవి ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి దూరుతూ పోవాలి. కొబ్బరాకు తడిక అల్లడం ఎరిగిన చేతికి ఈ వరస కొత్తేమీ కాదు. ఒక్కచోట పైది కిందికి పోయినా ఆ అల్లిక అంతా విప్పాల్సిందే. చివర ముడి వేసి, మిగిలిన కొస కత్తిరించి, అరచేత్తో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. బిగువు కుదిరితే టంగుమంటుంది. లేకపోతే తడిసిన డప్పులా పలుకుతుంది.

బిగువును పౌన్లలో చెబుతారు. “ఎంత పెట్టమంటారండి?” అని కొట్టాయన అడుగుతాడు. “ఆయ్, ఇరవయ్యెనిమిది పెట్టేయండి” అంటాడు ముందు రోజు టీవీలో ఫైనల్ చూసిన కుర్రాడు. అనుభవమున్న చేయి బ్యాటు మెడ దగ్గర చిన్నక్షరాలు చూపిస్తుంది. ఆ చట్రం ఎంత తట్టుకుంటుందో అక్కడే అచ్చేసి ఉంటుంది. 24 అని రాసిన దాన్ని 28కి లాగితే బ్యాటు మెషీను మీదే టప్పున పోవచ్చు. 24 పౌన్లంటే ప్రతి పోగు మీదా దాదాపు 11 కిలోల బరువు వేలాడదీసినట్టు. పైగా బిగువు పెరిగేకొద్దీ కాక్ మీద పట్టు పెరుగుతుంది గానీ, దాన్ని దూరం పంపే బాధ్యత చేతి మీద పడుతుంది. చెయ్యి తిరగనివాళ్లకు 20, 22 పౌన్లే హాయి. వదులు గట్టు కాక్‌ను తనే విసిరి పంపుతుంది. ఇంకో మాట కూడా కొట్లో వినిపిస్తుంది: గట్టు తెగిన వెంటనే మిగతా పోగులన్నీ కత్తిరించేయాలి. సగం బిగువుతో వదిలేసిన బ్యాటు రాత్రికి రాత్రి ఒకపక్కకు లాగుకుపోతుంది. మొత్తం గట్టును పోగొట్టుకోవడానికి మనసొప్పక అలాగే ఉంచేవాళ్లే ఎక్కువ.

వేసిన బిగువు నిలవదు. నైలాన్ గట్టు తేమను పీల్చి సాగే రకం. ఆడకుండా గోడకు తగిలించి ఉంచినా గట్టు రోజురోజుకూ వదులవుతూనే ఉంటుంది. ఏడాదంతా చెమట ఆరని కోనసీమ గాలిలో దానికి సాగేందుకు ఇంకో కారణం దొరుకుతుంది. గ్రిప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. తువ్వాలు గుడ్డ రకం చెమటను బాగా పీల్చుకుంటుంది, అంత బాగానూ బూజు పడుతుంది. రబ్బరులాంటి పలచటి పట్టీలు చవక, నల్లబడగానే ఊడదీసి కొత్తది చుట్టుకోవచ్చు. కొట్లో డబ్బాకు డబ్బా ఖాళీ అయ్యేవి ఇవే. ఇనప చట్రాల బ్యాట్లకు కీళ్ల దగ్గర తుప్పు, అట్టపెట్టెలకు చెమ్మ, మెషీను క్లాంపు పళ్లకు మసి. ఆ పళ్లు జారితే పెట్టిన బిగువులో రెండు పౌన్లు తెలియకుండానే పోతాయి కాబట్టి, గట్టు వేసేవాళ్లు స్పిరిటు తడిపిన గుడ్డతో వాటిని తుడుస్తూనే ఉంటారు.

జూన్‌లో వానలు మొదలైతే బేరం పడిపోతుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే వైనతేయ ఒడ్డునున్న అప్పనపల్లి, పాశర్లపూడిలంక, పెదపట్నంలంకల వైపు నీళ్లు ముంచుకొస్తాయి. అప్పుడు రోడ్డు మీద పడవ గురించి అడుగుతారు గానీ బ్యాటు గురించి ఎవరూ అడగరు. తగ్గాక కూడా మైదానాల్లో బురద ఆరదు, ఆ వెంటే అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. కార్తీకం దాటి నేల గట్టిపడి, పొద్దున్నే మంచు పట్టే వేళకు సున్నం గీతలు మళ్లీ కనిపిస్తాయి. సంక్రాంతికి ఊరొచ్చే పిల్లల కోసం లైట్లు కడతారు. ఆ రోజుల్లో కొట్టుకు వచ్చే మొదటి బేరం బ్యాటుకు కాదు, నెట్టుకు. పోయిన ఏడాది విప్పకుండా గుంజలకే వదిలేసినది వానకు నాని, కన్నాలు పడి ఉంటుంది.